అంతర్జాలంలో పేరు - చిరునామా - దారిమార్పు

ఉద్దేశం

అంతర్జాలంలో ఒక విషయాన్ని వెదికేవారికి మొదట కనిపించేది పేరు. ఆ పేరు వెనుక ఉన్నవారెవరో, అది ఎక్కడికి తీసుకొనిపోతుందో తెలుసుకోవడం నేటి విద్యార్థికి ఎంతో అవసరం. డొమైన్ పేర్ల స్వరూపాన్ని, దారిమార్పు పద్ధతిని, శోధన యంత్రాలు పుటలకు వరుసను నిర్ణయించే తీరును తెలియజేయడం ఈ పాఠ్యాంశం ఉద్దేశం.

ఒక పేరు - రెండు ఊళ్లు

జగిత్యాల జిల్లాలో గోదావరీ తీరాన వెలసిన ధర్మపురి తెలంగాణలోని ప్రసిద్ధ నారసింహ క్షేత్రాలలో ఒకటి. లక్ష్మీనరసింహస్వామి ఆలయ ప్రాంగణంలో యమధర్మరాజుకు కూడా గుడి ఉండటం ఈ క్షేత్రం ప్రత్యేకత. నరసింహ శతకాన్ని రచించిన శేషప్పకవి ఈ ఊరివాడే. ఆ శతకంలోని ప్రతి పద్యమూ మకుటంతో ముగుస్తుంది. స్వామి నివాసం ధర్మపురమని కవి ఆ మకుటంలోనే చెప్పుకున్నాడు. పద్యం ఏ ఊళ్లో వినిపించినా, ఎవరి నోట పలికినా అది ఏ క్షేత్రంలోని స్వామిని ఉద్దేశించినదో శ్రోతకు సందేహం కలగదు. అచ్చుపుస్తకం పల్లెలకు చేరని కాలంలో మకుటమే ఆ పద్యానికి చిరునామా అయింది.

నేడు అదే ఊరి పేరును శోధన యంత్రంలో టైపు చేస్తే ఫలితం అంత సూటిగా ఉండదు. తమిళనాడులో ధర్మపురి అనే జిల్లా ఉంది. 1965లో సేలం జిల్లా నుండి విడిపోయి ఏర్పడిన ఆ జిల్లాకు కేంద్రమైన పట్టణం పేరు కూడా ధర్మపురియే. అదే పేరు ఇంటిపేరుగా గలవారూ తెలుగునాట ఉన్నారు. శోధన యంత్రానికి దొరికినది ఒక్క మాట మాత్రమే. దాన్ని బట్టి ఆ పాఠకునికి కావలసినది గోదావరీ తీరమా, తమిళనాడు జిల్లానా, ఒక వ్యక్తి గురించిన వార్తా అన్నది యంత్రమే ఊహించాలి.

వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే ఇది నానార్థాల సమస్య. ఒకే పదానికి అనేకార్థాలు ఉంటే అవి నానార్థాలు. ఒకే అర్థానికి అనేక పదాలు ఉంటే అవి పర్యాయపదాలు. నిఘంటుకారులు శతాబ్దాలుగా ఎదుర్కొన్న ఈ రెండు చిక్కులే అంతర్జాలంలోనూ ఎదురవుతాయి. 2003లో ప్రారంభమైన తెలుగు వికీపీడియా ఈ రెంటికీ చక్కని తెలుగు పేర్లు పెట్టుకుంది. ఒకే పేరు గల పలు విషయాలను విడదీసి చూపే పుటను 'అయోమయ నివృత్తి' అంటారు. ఒక విషయానికి ఉన్న వేరొక పేరుతో వచ్చినవారిని అసలు పుటకు చేర్చే ఏర్పాటును 'దారిమార్పు' అంటారు. ఆంగ్లంలో 'రీడైరెక్ట్' అనే మాటకు ఇంతకంటె సులభమైన తెలుగుమాట దొరకదు.

అంకెల నుండి అక్షరాలకు

అంతర్జాలంలోని ప్రతి కంప్యూటరుకూ అంకెలతో కూడిన ఒక సంఖ్య ఉంటుంది. యంత్రాలకు ఆ సంఖ్యలే చాలు. కాని మనిషికి సంఖ్యల కంటె పేర్లే ఎక్కువగా గుర్తుంటాయి. తొలిరోజులలో అనుసంధానమైన కంప్యూటర్లు కొద్ది కాబట్టి వాటి పేర్లనూ సంఖ్యలనూ ఒకే జాబితాలో రాసి ఉంచేవారు. కంప్యూటర్లు పెరిగిన కొద్దీ ఆ జాబితాను నిర్వహించడం అసాధ్యమైంది. అప్పుడు, 1983లో, అమెరికా శాస్త్రజ్ఞుడు పాల్ మొకాపెట్రిస్ డొమైన్ పేర్ల వ్యవస్థను రూపొందించాడు. పేరును చెబితే సంఖ్యను వెదికి ఇచ్చే ఈ వ్యవస్థ ప్రపంచమంతటా వ్యాపించిన పెద్ద టెలిఫోన్ డైరెక్టరీ వంటిది. 1985 మార్చి 15న సింబాలిక్స్ అనే సంస్థ నమోదు చేసుకున్న పేరు 'డాట్ కామ్' పేర్లలో మొట్టమొదటిది.

భారతదేశానికి కేటాయించిన గుర్తు 'డాట్ ఇన్'. 2005 నుండి దీనిని నిక్సి అనే సంస్థ ఆధ్వర్యంలో సామాన్యులకు విస్తృతంగా అందుబాటులోకి తెచ్చారు. 2014లో దేవనాగరి లిపిలో 'డాట్ భారత్' ప్రారంభమైంది. ఆ తరువాత తెలుగు లిపిలో కూడా పేర్లు నమోదు చేసుకునే వీలు కలిగింది. అయినా వాడుకలో ఆంగ్లలిపి పేర్లదే పైచేయి. అందువలన ఒక చిక్కు ఏర్పడింది. జగిత్యాలను ఆంగ్లలిపిలో రాసేటప్పుడు కొందరు 'జగ్తియాల్' అన్నట్లుగా, మరికొందరు 'జగిత్యాల్' అన్నట్లుగా రాస్తారు. సిరిసిల్లను రాయడంలోనూ ఇటువంటి భేదాలున్నాయి. తెలుగులో ఒక్కటే అయిన పేరు ఆంగ్లలిపిలో పలు రూపాలు ధరిస్తుంది. ప్రతి రూపమూ వేరొక డొమైన్ పేరే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. డొమైన్ పేరును ఎవరూ శాశ్వతంగా కొనలేరు. నిర్ణీత రుసుము చెల్లించి కొన్ని సంవత్సరాలకు నమోదు చేసుకుంటారు. గడువు తీరగానే పునరుద్ధరించుకోకపోతే ఆ పేరు మరొకరి చేతిలోకి పోవచ్చు. వాడుకలో 'కొన్నాము' అంటున్నప్పటికీ నిజానికి అది అద్దె ఇల్లు వంటిదే.

కీలకపదాల ఆశ

సిరిసిల్ల మరమగ్గాలకు పేరెన్నికగన్న పట్టణం. అక్కడ ఒక వస్త్రవ్యాపారి ఉన్నాడని ఊహించవచ్చు. ఆయన తన దుకాణానికి ఒక వెబ్‌సైట్ పెట్టుకోవాలనుకుంటాడు. కొనుగోలుదారులు శోధన యంత్రంలో 'సిరిసిల్ల చీరలు' అని టైపు చేస్తారు. ఇలా వెదికేవారు టైపు చేసే మాటలను కీలకపదాలు అంటారు. దుకాణం పేరుకు బదులు ఆ కీలకపదాలనే డొమైన్ పేరుగా పెట్టుకుంటే శోధన యంత్రం తన దుకాణాన్ని ముందు చూపుతుందని ఆయనకు ఎవరో చెబుతారు. అంతటితో ఆగక కోరుట్ల చీరలు, జగిత్యాల చీరలు, ధర్మపురి చీరలు అంటూ మరో పది పేర్లు నమోదు చేసుకొని, వాటన్నిటినీ అసలు వెబ్‌సైట్‌కు మళ్లిస్తే పది దారుల నుండి గిరాకీలు వస్తారని కూడా చెబుతారు.

ఈ సలహా పూర్తిగా నిరాధారమైనది కాదు. ఒకప్పుడు ఇందులో కొంత నిజం ఉంది. తొలినాటి శోధన యంత్రాలు పుటలో ఒక మాట ఎక్కడ ఉంది, ఎన్నిసార్లు ఉంది అన్నదానికి అధిక ప్రాధాన్యం ఇచ్చేవి. డొమైన్ పేరులోనే ఆ మాట ఉంటే అది మంచి సూచనగా భావించేవి. కొందరు శోధన యంత్రాన్ని ఆశ్రయించకుండా తమకు కావలసిన వస్తువు పేరునే నేరుగా చిరునామాగా టైపు చేసేవారు. ఆ కారణాల వలన సామాన్య నామాలైన డొమైన్ పేర్లకు గొప్ప గిరాకీ ఏర్పడింది. ఏ సమాచారమూ లేకుండా ప్రకటనలు మాత్రమే నింపిన పేర్లు కోకొల్లలుగా వెలిశాయి.

పది పేర్లకు రుసుము కట్టబోయే వ్యాపారి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: అలా మళ్లించిన పేర్ల వలన అసలు వెబ్‌సైట్ వరుస పెరుగుతుందా? దీనికి సమాధానం తెలియాలంటే దారిమార్పు ఎలా పనిచేస్తుందో, శోధన యంత్రం వరుసను ఎలా నిర్ణయిస్తుందో తెలియాలి.

దారిమార్పు పనిచేసే తీరు

ఒక కుటుంబం కోరుట్ల నుండి జగిత్యాలకు ఇల్లు మారిందనుకుంటే, తపాలా కార్యాలయంలో కొత్త చిరునామా తెలియజేస్తారు. పాత చిరునామాకు వచ్చిన ఉత్తరాలపై తపాలా ఉద్యోగి కొత్త చిరునామా రాసి అక్కడికి పంపుతాడు. వెబ్ సర్వరు చేసే పని కూడా ఇదే. పాఠకుని కంప్యూటరు లేదా ఫోను ఒక పుటను అడిగినప్పుడు సర్వరు ముందుగా మూడంకెల సంకేతాన్ని పంపుతుంది. 200 అంటే 'అడిగినది ఉంది, ఇదిగో' అని అర్థం. 404 అంటే 'అటువంటి పుట లేదు' అని అర్థం. 301 అంటే 'ఆ పుట శాశ్వతంగా ఫలానా చోటుకు మారింది' అని, 302 అంటే 'తాత్కాలికంగా మరోచోట ఉంది' అని అర్థం. 301 గాని, 302 గాని రాగానే పాఠకుని ప్రమేయం లేకుండానే బ్రౌజరు కొత్త చోటికి వెళ్లిపోతుంది.

పాఠకునికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. శోధన యంత్రానికి మాత్రం భేదం ఉంది. 301ని చూసినప్పుడు అది పాత చిరునామా స్థానంలో కొత్త చిరునామాను రాసుకోవడానికి బలమైన సూచనగా గ్రహిస్తుంది. 302ని చూస్తే ఇల్లు మారలేదు, బంధువుల ఇంటికి వెళ్లారు అన్నట్లుగా భావించి, సాధారణంగా పాత చిరునామానే ఉంచుకుంటుంది.

పరపతి - వరుస

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో గూగుల్ సంస్థను స్థాపించారు. వారి ఆలోచనకు మూలం ఒక సామాన్య సత్యం. ఒక పుట తన గురించి తాను చెప్పుకునే మాట కంటె ఇతరులు దాని గురించి చెప్పే మాటకు విలువ ఎక్కువ. ఒక వెబ్ పుట మరొక పుటకు లంకె ఇస్తే అది ఒక విధమైన సాక్ష్యం. ఎక్కువమంది సాక్ష్యం చెప్పిన పుట ఇచ్చే సాక్ష్యానికి బరువు మరింత ఎక్కువ. ఆ లెక్కకు 'పేజ్‌ర్యాంక్' అని పేరు పెట్టారు. నేడు గూగుల్ వరుసను నిర్ణయించడానికి అనేక అంశాలను లెక్కలోకి తీసుకుంటున్నప్పటికీ లంకెల సాక్ష్యానికి విలువ తొలగిపోలేదు.

కీలకపదాలను నమ్ముకున్నవారు ఈ సాక్ష్యాన్ని కూడా కృత్రిమంగా పుట్టించసాగారు. దానితో గూగుల్ వరుసగా మార్పులు చేసింది. 2011 ఫిబ్రవరిలో సారం లేని పుటలను వెనుకకు నెట్టే మార్పు వచ్చింది. 2012 ఏప్రిల్‌లో కృత్రిమ లంకెలను అరికట్టే మార్పు వచ్చింది. 2012 సెప్టెంబరులో కీలకపదాలే డొమైన్ పేరుగా ఉండి, లోపల సరైన సమాచారం లేని వెబ్‌సైట్లను లక్ష్యంగా చేసుకున్న మార్పు వచ్చింది. ఈ చివరి మార్పు అమెరికాలో ఆంగ్లంలో జరిగే శోధనలలో 0.6 శాతంపై ప్రభావం చూపుతుందని ఆ సంస్థ అప్పట్లో ప్రకటించింది. డొమైన్ పేరులోని కీలకపదాల వలన మాత్రమే వరుసపై కలిగే ప్రభావం దాదాపు లేదని నేడు గూగుల్ తన మార్గదర్శికలోనే చెబుతున్నది.

ఇప్పుడు సిరిసిల్ల వ్యాపారి ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. దారిమార్పు పాత చిరునామా సంపాదించుకున్న సాక్ష్యాన్ని కొత్త చిరునామాకు అప్పగిస్తుంది. నిన్న నమోదు చేసిన పేరుకు ఎవరూ లంకె ఇచ్చి ఉండరు. ఎవరూ దానిని చూసి ఉండరు. దానివద్ద అప్పగించడానికి ఏమీ లేదు. ఖాళీ కుండను మరొక కుండలోకి వంచితే నీరు పెరగదు. అంతేకాదు, 301తో మళ్లించిన పేరు శోధన ఫలితాలలో సాధారణంగా కనిపించదు. యంత్రం దాని స్థానంలో గమ్యస్థానాన్నే చూపుతుంది. కాబట్టి ఆ పేరులోని కీలకపదాలు వెదికేవారి కంటికి కూడా ఆనవు. పది పేర్ల వలన వ్యాపారికి నిశ్చయంగా మిగిలేది ఏటేటా చెల్లించవలసిన పది రుసుములు.

మరి అదనపు పేర్లు పూర్తిగా వ్యర్థమా? కావు. తన దుకాణం పేరును కొనుగోలుదారులు రెండు మూడు విధాల రాసే అవకాశం ఉంటే ఆ రూపాలను తానే నమోదు చేసుకొని అసలు చిరునామాకు మళ్లించడం వివేకం. వాటిని ఇతరులు దక్కించుకొని మోసం చేయకుండా అది కాపాడుతుంది. గోడపైనో, సంచిపైనో ముద్రించడానికి సులభమైన చిన్న పేరు ఉపయోగపడుతుంది. ఇవి వరుసను పెంచే ఉపాయాలు కావు. వచ్చేవారు దారి తప్పకుండా చేసే జాగ్రత్తలు.

ఉపాయం హద్దు దాటితే అపాయం కూడా ఉంది. ఊరికొక పేరు చొప్పున దాదాపు ఒకే విధమైన పుటలు తయారు చేసి అందరినీ ఒకే చోటికి మళ్లించడాన్ని గూగుల్ 'దొడ్డిదారి' పుటలుగా పరిగణించి నిషేధించింది. ఒకప్పుడు మంచి పేరున్న సంస్థ పునరుద్ధరించుకోని డొమైన్ పేరును చేజిక్కించుకొని, ఆ పరపతితో పనికిరాని సమాచారాన్ని పైకి తేవడాన్ని 2024 మార్చిలో తన నిషేధాల జాబితాలో చేర్చింది.

తిరుమల చెప్పే పాఠం

పర్యాయపదాల చిక్కుకూ, దారిమార్పు అవసరానికీ తిరుమల కంటె మంచి ఉదాహరణ తెలుగుదేశంలో లేదు. శ్రీ వేంకటేశ్వరుడు, శ్రీనివాసుడు, ఏడుకొండలవాడు అని తెలుగువారు పిలుచుకునే స్వామిని ఉత్తరాది భక్తులు బాలాజీ అంటారు. కొండ పేరు తిరుమల అయినా దేశమంతటా ఎక్కువగా పలికేది తిరుపతి పేరే. సంస్థ పేరు తిరుమల తిరుపతి దేవస్థానములు.

భక్తులకు గదులు, దర్శనం టిక్కెట్లు కేటాయించే వెబ్‌సైట్ చిరునామా ఒకప్పుడు 'టీటీడీ సేవా ఆన్‌లైన్' అనే మాటలతో, 'డాట్ కామ్' ముగింపుతో ఉండేది. 2020 మే నెలలో దాని స్థానంలో 'తిరుపతి బాలాజీ' అనే మాటలతో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి చెందిన 'డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' ముగింపుతో కొత్త చిరునామా వచ్చింది. 2024 జనవరిలో అది మరల 'టీటీ దేవస్థానమ్స్' అనే మాటతో, అదే ప్రభుత్వ ముగింపుతో మారింది. నాలుగేళ్ల లోపున మూడు చిరునామాలు. ఒకటి సేవ పేరు, మరొకటి భక్తులు పిలుచుకునే పేరు, ఇంకొకటి సంస్థ పేరు.

భక్తుని నోట నిలిచిన పేరు అంత త్వరగా మారదు. పాత చిరునామా కాగితాలపై, పత్రికలలో, బంధువుల జ్ఞాపకాలలో మిగిలి ఉంటుంది. ఈ సందులోనే మోసగాళ్లు ప్రవేశిస్తారు. దేవస్థానం వెబ్‌సైట్‌ను పోలిన నకిలీ వెబ్‌సైట్ ఒకటి బయటపడగా 2023 ఏప్రిల్‌లో పోలీసు కేసు నమోదైంది. అప్పటికి గుర్తించిన నకిలీ వెబ్‌సైట్లలో అది 41వది. దాని పేరులో 'తిరుపతి బాలాజీ', 'ఏపీ', 'గవ్' అనే మాటలన్నీ ఉన్నాయి. కాని వాటి మధ్య చుక్కలకు బదులు చిన్నగీతలు ఉన్నాయి. చివర 'డాట్ ఇన్' స్థానంలో 'డాట్ ఆర్గ్' ఉంది. కీలకపదాలన్నీ సరిగానే ఉన్నాయి. మారినది యజమాని మాత్రమే.

రెండక్షరాల మార్పు

తెలంగాణలో ఇంతకంటె విస్తృతమైన మార్పు 2024లో జరిగింది. రాష్ట్రాన్ని సూచించే 'టీఎస్' అనే అక్షరాల స్థానంలో 'టీజీ' వచ్చింది. మార్చి నెలలో వాహనాల నమోదు సంఖ్యలతో ప్రారంభమైన ఈ మార్పు మే నెలలో ప్రభుత్వ శాఖలకు, సంస్థలకు విస్తరించింది. ఆర్టీసీ, పబ్లిక్ సర్వీస్ కమిషన్, ఇంటర్మీడియట్ బోర్డు, ఉన్నత విద్యామండలి మొదలైన సంస్థల సంక్షిప్త నామాలు మారాయి. ఆ అక్షరాలతో కూడిన చిరునామాలు కూడా మారవలసి వచ్చింది. అదే సంవత్సరం ఎంసెట్ పేరు ఈఏపీసెట్ అయింది. అయినా ఇళ్లలో, కళాశాలలలో విద్యార్థుల నోట ఎంసెట్ అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఫలితాలు వెలువడే రోజున ధర్మపురిలోని విద్యార్థి పాత పేరుతో వెదికితే, పాత చిరునామా వద్ద సరైన దారిమార్పు ఉంటే క్షణంలో కొత్త చోటికి చేరుతాడు. దారిమార్పు లేకపోతే 'అటువంటి పుట లేదు' అనే సమాధానం వస్తుంది. అప్పుడు ఆ విద్యార్థి ఆందోళనతో శోధన ఫలితాలలో తరువాత కనిపించిన దానిని తాకుతాడు. అది ఎవరిదో, హాల్ టికెట్ సంఖ్యతో పాటు ఫోను నంబరు ఎందుకు అడుగుతున్నదో ఆలోచించే స్థితిలో ఉండడు.

కాబట్టి చిరునామా మార్చేవారికి కొన్ని బాధ్యతలున్నాయి. పాత వెబ్‌సైట్‌లోని ప్రతి పుటనూ కొత్త వెబ్‌సైట్‌లో దానికి సరిపోయే పుటకే మళ్లించాలి. అన్నిటినీ మొదటి పుటకు మళ్లిస్తే, ఇంటి తలుపు అడిగినవానిని ఊరి పొలిమేరలో దింపినట్లవుతుంది. ఒక దారిమార్పు నుండి మరొక దారిమార్పుకు గొలుసుగా తిప్పకుండా నేరుగా చివరి చిరునామాకు చేర్చాలి. దారిమార్పును వీలైనంత ఎక్కువ కాలం, కనీసం ఒక సంవత్సరమైనా ఉంచాలని గూగుల్ సూచిస్తున్నది. పాత పేరును వెంటనే వదిలివేయకూడదు. వదిలివేసిన పేరును మరొకరు నమోదు చేసుకుంటే, పాత సంస్థ ఏళ్ల తరబడి సంపాదించిన విశ్వాసం వారి చేతిలో ఆయుధమవుతుంది.

దారిమార్పు చిరునామాను మారుస్తుంది గాని పుటలోని మాటలను మార్చదు. 2016 అక్టోబరు 11న కరీంనగర్ జిల్లా నుండి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. ధర్మపురిని కరీంనగర్ జిల్లాలోనిదిగా చెప్పే పాత పుటలు ఎన్ని కొత్త చిరునామాలకు మారినా, సరిదిద్దేవరకు తప్పునే చెబుతాయి.

పుట్టించిన పేరు - న్యాయస్థానం మాట

సామాన్య నామం గొప్పదా, కొత్తగా పుట్టించిన పేరు గొప్పదా అనే చర్చకు భారత సర్వోన్నత న్యాయస్థానం తీర్పు ఒకటి వెలుగు చూపుతుంది. హైదరాబాదు కేంద్రంగా ఉన్న సత్యం కంప్యూటర్ సర్వీసెస్‌కు అనుబంధంగా సత్యం ఇన్ఫోవే అనే సంస్థ ఏర్పడింది. తన పేరులోని అక్షరాలను కలిపి అది 'సిఫీ' అనే మాటను సృష్టించుకొని, 1999లో ఆ మాటతో కూడిన డొమైన్ పేర్లను నమోదు చేసుకుంది. కొంతకాలానికి మరొక సంస్థ ఒక అక్షరం మాత్రమే అదనంగా చేర్చి, అదే ఉచ్చారణ గల పేర్లను నమోదు చేసుకుంది. వివాదం బెంగుళూరు సివిల్ న్యాయస్థానం నుండి కర్ణాటక హైకోర్టుకు, అక్కడి నుండి సర్వోన్నత న్యాయస్థానానికి చేరింది. 2004 మే 6న జస్టిస్ రుమాపాల్ వెలువరించిన తీర్పు సత్యం ఇన్ఫోవేకు అనుకూలంగా వచ్చింది. డొమైన్ పేరు కేవలం చిరునామా కాదు, వ్యాపారచిహ్నానికి ఉండే లక్షణాలు దానికీ ఉంటాయని న్యాయస్థానం స్పష్టం చేసింది. ఒకరి పేరును పోలిన పేరుతో ప్రజలను తప్పుదారి పట్టించడం చట్టరీత్యా అడ్డుకోదగినదని నిర్ణయించింది.

సృష్టించుకున్న మాటపై యజమానికి ఇటువంటి రక్షణ దొరికింది. 'చీరలు', 'ఫలితాలు', 'దర్శనం' వంటి మాటలు అందరివీ. వాటిని డొమైన్ పేరుగా పెట్టుకున్నవారు, అటువంటి పేరే మరొకరు పెట్టుకుంటే, ఆ మాట తమ ఒక్కరిదేనని చెప్పుకోవడం కష్టం. కీలకపదం వెదికేవారికి సులభంగా గుర్తుండవచ్చు. యజమానిని మాత్రం అది గుర్తింపజేయదు.

ఉత్తరపదం ప్రధానం

ఇంతకూ పాఠకుడు చేయవలసినదేమిటి? దీనికి తెలుగు వ్యాకరణంలోనే ఒక సూచన ఉంది. తత్పురుష సమాసంలో ఉత్తరపదం ప్రధానం. 'రాజభటుడు వచ్చాడు' అంటే వచ్చినవాడు భటుడే గాని రాజు కాడు. ముందున్న 'రాజ' శబ్దం ఎంత గొప్పదైనా వాక్యంలో క్రియతో సంబంధం భటునికే. డొమైన్ పేరు కూడా ఇటువంటిదే. దానిని కుడి నుండి ఎడమకు చదవాలి. పేరు తరువాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు ముందున్న భాగంలో సాధారణంగా చివరి చుక్కకు అటూ ఇటూ ఉన్న మాటలు యజమానిని తెలుపుతాయి. వాటికి ఎడమవైపు యజమాని తనకు ఇష్టమైన మాటను పెట్టుకోవచ్చు. ధర్మపురి అని పెట్టవచ్చు, తిరుపతి అని పెట్టవచ్చు, ప్రభుత్వం అని కూడా పెట్టవచ్చు. దానిని అడ్డుకునే యంత్రం లేదు.

'డాట్ గవ్ డాట్ ఇన్' అనే ముగింపు ప్రభుత్వ సంస్థలకు మాత్రమే కేటాయిస్తారు. జగిత్యాల జిల్లా అధికారిక వెబ్‌సైట్ చిరునామాలో ముందు జిల్లా పేరు, తరువాత తెలంగాణ, చివర ఈ ముగింపు ఉంటాయి. చుక్కలు మారి గీతలయ్యాయా, చివరి మాట వేరొకటి అయిందా అని చూడటానికి రెండు క్షణాలు చాలు. దారిమార్పు జరిగినప్పుడు మరింత జాగ్రత్త అవసరం. తాకిన లంకెలో ఉన్న పేరు ఒకటి, తెరుచుకున్న పుట చిరునామా మరొకటి కావచ్చు. డబ్బు చెల్లించేముందు, వివరాలు నింపేముందు చూడవలసినది లంకెను కాదు. చివరకు చేరిన చోటి చిరునామాను.

శేషప్పకవి తన పద్యానికి ధర్మపురి పేరును అలంకారంగా మాత్రమే పెట్టలేదు. ఆ ఊళ్లో నివసించి, ఆ స్వామిని సేవించి, ఆ పేరును మకుటంలో నిలిపాడు. పద్యం బాగున్నందున జనం దానిని కంఠస్థం చేశారు. పద్యంతో పాటు ఊరి పేరూ దేశం తిరిగింది. అంతర్జాలంలో సైతం క్రమం ఇదే. సారం ఉన్నచోటికి సాక్ష్యాలు వస్తాయి, సాక్ష్యాలు ఉన్నచోటికి వరుస వస్తుంది. పేరును మాత్రమే ముందు నడిపితే వెనుక వచ్చేవారికి దొరికేది ఖాళీ గది.

అర్థాలు

అంతర్జాలం = ఇంటర్నెట్
శోధన యంత్రం = సెర్చ్ ఇంజన్
మకుటం = కిరీటం; శతకపద్యం చివర వచ్చే సంబోధన
పరపతి = పలుకుబడి
అయోమయం = ఏమీ తోచని స్థితి
నివృత్తి = తొలగించడం
దొడ్డిదారి = ఇంటి వెనుకదారి; అక్రమమార్గం
పొలిమేర = ఊరి సరిహద్దు
ఉత్తరపదం = సమాసంలో రెండవ పదం

అభ్యాసం

1. నానార్థాలకు, పర్యాయపదాలకు అంతర్జాలంలో ఎదురయ్యే సమస్యలతో గల సంబంధాన్ని వివరించండి.
2. కొత్తగా నమోదు చేసిన కీలకపదాల పేర్లను మళ్లించడం వలన వెబ్‌సైట్ వరుస ఎందుకు పెరగదు?
3. 301, 302 సంకేతాలకు గల భేదాన్ని సోదాహరణంగా తెలపండి.
4. తిరుమల వెబ్‌సైట్ చిరునామాల మార్పు నుండి గ్రహించవలసిన విషయాలేవి?
5. 'ఉత్తరపదం ప్రధానం' అనే సూత్రం డొమైన్ పేర్లకు ఎలా వర్తిస్తుంది?
6. మీ ఊరి పేరును ఆంగ్లలిపిలో ఎన్ని విధాల రాస్తున్నారో సేకరించి, అందువలన కలిగే ఇబ్బందులను గురించి పది వాక్యాలు రాయండి.